పర్లాకిమిడి వాళ్లు ఏ ఫోన్ కొనాలి? ఒక గంభీర పరిశీలన

ఆండ్రాయిడా, ఐఫోనా అన్న ప్రశ్నకి హైదరాబాదులోనూ బెంగుళూరులోనూ కూర్చున్న నిపుణులు చెప్పే జవాబులన్నీ శ్రద్ధగా విన్నాను. కెమెరా అంటారు, ప్రాసెసర్ అంటారు, ప్రైవసీ అంటారు. మహేంద్రతనయ నదికి ఇవతల ఒడిశాలో కాపురముంటూ, అవతల ఆంధ్రాలో ఉన్న పాతపట్నంలో వియ్యాలందుకుని, ఇంట్లో తెలుగు, ఆఫీసులో ఒడియా, బ్యాంకులో హిందీ మాట్లాడే మనిషి ఏ ఆపరేటింగ్ సిస్టమ్, అంటే ఫోన్‌ని నడిపించే మూల సాఫ్ట్‌వేర్, వాడాలో మాత్రం ఒక్కడూ చెప్పలేదు. కాబట్టి ఆ భారం నా మీద పడింది. ఎవరూ వెయ్యలేదు లెండి, నేనే ఎత్తుకున్నాను.

అసలు ఆపరేటింగ్ సిస్టమ్‌ని మనం ఎంచుకుంటాం అనుకోవడమే భ్రమ. ఈ సంగతి మా ఊరికి 1936 నుంచీ తెలుసు. ఆ ఏడాది ఏప్రిల్ 1న ఒడిశా వేరుపడినప్పుడు పర్లాకిమిడి జమీందారీని రెండుగా చీల్చి, ఊరిని ఒడిశాలో కలిపి, మిగతాది మద్రాసుకి వదిలేశారు. పడుకుని లేచేసరికి డిఫాల్ట్ లాంగ్వేజ్ మారిపోయింది. షరతులు చదివారా, అంగీకరిస్తున్నారా అని అడిగిన నాథుడు లేడు. అది సహించలేక గిడుగు రామమూర్తి పంతులు గారు, ఏళ్ల తరబడి మా ఊళ్లో పాఠాలు చెప్పి, వాడుక భాష కోసం పోరాడి, సవర భాషకి వ్యాకరణం రాసిన పెద్దాయన, డెబ్బై దాటిన వయసులో మూటాముల్లే సర్దుకుని రాజమండ్రి వెళ్లిపోయారు. ఫోన్ మారిస్తే పాత చాట్లు పోతాయేమోనని పగిలిన అద్దంతోనే మూడేళ్లుగా నెట్టుకొస్తున్న మా బావమరిదికి ఈ కథ చెప్పాను. పంతులు గారికి వాట్సాప్ లేదు కదా అన్నాడు.

మా ఇంటికి ఆండ్రాయిడ్ ఎలా వచ్చిందంటే, మా మావయ్య షాపుకెళ్లి "మంచి ఫోన్ చూపించు బాబూ" అన్నాడు, ఆ కుర్రాడు అరలో మిగిలిన ఒక్క డబ్బా తీశాడు. ఎంపిక ముగిసింది. దాంట్లో ఉన్నది కిట్‌క్యాట్ అట. ఆండ్రాయిడ్ వాళ్లు చాలాకాలం వెర్షన్లకి అక్షర క్రమంలో మిఠాయి పేర్లు పెట్టారు. 2016లో 'ఎన్' వంతు వస్తే నెయ్యప్పం అని పెట్టమని మలయాళీలు పట్టుబట్టారు, కంపెనీ నూగట్ అంది. 'పి' దగ్గర మన పూతరేకులకి మంచి అవకాశం ఉండింది, మనం నోరు మెదపలేదు, వాళ్లు 'పై' అనే వాళ్ల తీపి వంటకం పేరు పెట్టేసుకున్నారు. 2019లో తీపి మొత్తం మానేసి ఉత్త అంకెల్లోకి దిగారు. ఆ వయసుకి షుగర్ వచ్చి ఉంటుంది.

ఆ కిట్‌క్యాట్ పదేళ్లు మావయ్య చొక్కా జేబులో కరగకుండా బతికింది. 2025 జనవరి వచ్చేసరికి వాట్సాప్ ఇక ఆ వెర్షన్‌లో పనిచెయ్యదన్నారు. ఫోన్ మోగుతుంది, టార్చి వెలుగుతుంది, రేడియో పాడుతుంది. "ఏటిరా, చెడిపోనేదు కదా, మరి పంజెయ్యదేటి?" అని మావయ్య అడిగితే ఈ దేశంలో ఏ నిపుణుడి దగ్గర సమాధానం ఉందో చెప్పండి.

కాల్ రికార్డింగ్ సంగతి ఏ సమీక్షలోనూ సరిగ్గా రాయరు. మాకు అది కెమెరా కన్నా ముఖ్యం. పొలం ఆంధ్రాలో, వాటాదారుడు ఒడిశాలో, కాగితాలు ఇంకో దాయాది ట్రంకు పెట్టెలో ఉన్నప్పుడు, "నేనలా అన్లేదు" అన్నవాడికి వాడి గొంతే వినిపించడం తప్ప వేరే దారి లేదు. పాపం ఆండ్రాయిడ్ వాళ్లకి 2022లో ఉన్నట్టుండి నీతి పుట్టుకొచ్చి, బయటి రికార్డింగ్ యాప్‌లని కట్టడి చేశారు. చాలా ఫోన్లలో ఇప్పుడు బటన్ నొక్కగానే రికార్డ్ అవుతోందని ఒక ఆడగొంతు ఇద్దరికీ చాటింపు వేస్తుంది. ఐఫోన్ 2024 దాకా అసలు రికార్డింగే ఇవ్వలేదు, ఇచ్చాక అదీ చాటింపుతోనే. ఆ గొంతు వినపడగానే మా దాయాది టోను మార్చి "అన్నయ్యా, ఆరోగ్యం ఎలా ఉంది?" అంటాడు. ఈ లెక్కన రెండు కంపెనీలూ మా కుటుంబంలో మర్యాదలు పెంచాయి, వాటా మాత్రం తేలలేదు.

ఐఫోన్ గురించి నాకు ఒక్క గౌరవం ఉంది, అది తెలుగుకి భయపడింది. 2018 ఫిబ్రవరిలో 'జ్ఞా' అన్న అక్షరాన్ని ఒక రకంగా కూర్చి పంపితే ఐఫోన్‌లో మెసేజ్‌ల యాప్ కుప్పకూలేది, మళ్లీ తెరుచుకోనని మొరాయించేది. హడావిడిగా 11.2.6 అని ఒక అప్‌డేట్ వదిలి పరువు కాపాడుకున్నారు. లక్షలు పోసి కొన్న వస్తువు జ్ఞానం తాకితే పడిపోయిందంటే పంతులు గారు ఎంత సంతోషించేవారో.

అదే ఏడాది అక్టోబర్ 11న తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటి మా జిల్లా మీదుగా పోయింది. మాకు రోజుల తరబడి కరెంటు లేదు. కిరాణా కొట్టు వాళ్లు జనరేటర్ పెట్టి ఫోన్లకి ఛార్జింగ్ ఇచ్చారు, ఊళ్లో ఉన్న వైర్లన్నీ ఆండ్రాయిడ్‌వే. దసరాకని భువనేశ్వర్ నుంచి వచ్చిన మా అప్ప కొడుకు, లైట్నింగ్ (మెరుపు) అనే వేరే రకం వైరు తప్ప పట్టని తన ఐఫోన్ పట్టుకుని ఆ లైన్లో అటూ ఇటూ తిరుగుతూ "లైట్నింగ్ కేబుల్ ఉందా?" అని అడుగుతుంటే, జనం వాడిని జాలిగా ఆకాశం వైపు చూడమన్నారు. ఆ కంపెనీ 2023లో దారికొచ్చి, ఆండ్రాయిడ్ ఫోన్లలో ఉండే టైప్-సి ఛార్జింగ్ పెట్టింది. మా వాడి పరువుకి అయిదేళ్లు ఆలస్యమైంది.

చివరికి మావయ్యకి కొత్త ఆండ్రాయిడే కొన్నాం. భాష తెలుగు, దేశం ఇండియా, పక్కనే ఒడియా కీబోర్డు. మొన్న సాయంత్రం ఇంటి అరుగు మీద కూర్చుని ఉండగానే నది అవతలి టవర్ పట్టేసి ఒక మెసేజ్ వచ్చింది, ఆంధ్రప్రదేశ్‌కి స్వాగతం అని. మావయ్య కళ్లజోడు పెట్టుకుని రెండుసార్లు చదివాడు. ఇన్నాళ్లకి పిలిచారన్నాడు. ఎంతో ఓపిగ్గా "ధన్యవాదాలు, వీలు చూసుకుని వస్తాం" అని టైప్ చేసి పంపాడు. మెసేజ్ వెళ్లలేదు. ఫోన్ లోపమే అంటున్నాడు, ఐఫోన్ అయితే వెళ్లుండేదట.