జేసీబీని పిలిపించే అధికారం ఎవరిది?

వాన గట్టిగా పడిన ప్రతిసారీ మన నాయకుల నోట ఒకటే మాట: ‘జాతీయ విపత్తుగా ప్రకటించాలి’. ప్రతిపక్షంలో కూర్చున్నప్పుడు ఈ మాట మరీ బాగా గుర్తొస్తుంది. 2005 విపత్తు నిర్వహణ చట్టం మొత్తం తిరగేసినా అలా ప్రకటించే సెక్షన్ కనబడదు. అత్యవసర పరిస్థితి ప్రకటించే రాజ్యాంగంలోని 352వ అధికరణం యుద్ధానికి, విదేశీ దురాక్రమణకు, సాయుధ తిరుగుబాటుకు పరిమితం. కరవు మండలాలను ప్రకటించే సంగతి వేరు, దానికి మాన్యువల్ ఉంది, వర్షపాతం లెక్కలున్నాయి. వరద వచ్చినప్పుడు అడగాల్సిన ప్రశ్న ఇంకా చిన్నది. కరెంటు పోయి, రోడ్డు తెగి, మండల ఆఫీసుకు ఫోను కలవని ఊళ్లో జేసీబీని పిలిపించే అధికారం ఎవరిది?

2021 నవంబర్ వరదల్లో తిరుపతి, చిత్తూరు ప్రాంతం చూసింది మళ్లీ చెప్పనక్కర్లేదు. ఘాట్ రోడ్లు మూతబడ్డాయి, తిరుచానూరు దగ్గర స్వర్ణముఖి నది ఇళ్లను కోసుకుపోయింది, రాయలచెరువు కట్టకు లీకు పడి కింది ఊళ్లను ఖాళీ చేయించారు. ఆ రోజుల్లోనూ అధికారాలకు కొరత లేదు. అవన్నీ కలెక్టరేట్ గడప దాటి కిందికి దిగలేదన్నదే నా ఫిర్యాదు.

ఆ అధికారాలేమిటో చూడండి. ట్రెజరీ కోడ్‌లో టీఆర్-27 అని ఒక నిబంధన ఉంది. అత్యవసరమైతే మామూలు బిల్లు తతంగం లేకుండానే సొమ్ము చెల్లించమని కలెక్టర్ ట్రెజరీ అధికారికి రాతపూర్వకంగా ఆదేశం ఇవ్వొచ్చు. ఆ ఆదేశం నకలు, ఎందుకివ్వాల్సి వచ్చిందో వివరం వెంటనే ప్రభుత్వ లెక్కలు చూసే అకౌంటెంట్ జనరల్‌కు పంపాలి, అంతే. ఇక విపత్తు చట్టం 50వ సెక్షన్: జిల్లా విపత్తు నిర్వహణ అథారిటీ అనుమతిస్తే టెండర్లు పిలవకుండా సామగ్రి కొనొచ్చు. అందులో రెండో భాగాన్ని మన ఆఫీసుల్లో పట్టించుకునేవాళ్లు తక్కువ. సామగ్రి వాడినట్టు నియమిత అధికారి ఇచ్చే ధ్రువపత్రమే వోచరుగా చెల్లుతుందని చట్టం రాసిపెట్టింది. సెప్టెంబర్‌లోనే ప్రతి మండలానికీ ఎంపీడీవోను ఆ అధికారిగా పేర్కొంటూ, పంచాయతీ ఎంతవరకు ఖర్చు పెట్టొచ్చో అంకె వేసి ఒక ఉత్తర్వు ఇవ్వడానికి కలెక్టర్లకు అడ్డేమిటి?

ఆ ఉత్తర్వు లేకపోతే ఏమవుతుందో పంచాయతీ కార్యదర్శులను అడగండి. రాత్రికి రాత్రి జేసీబీ వచ్చి గండి పూడ్చి వెళ్తుంది. ఎన్ని గంటలు నడిచిందో లాగ్‌బుక్‌లో ఉండదు, మీటరు రీడింగుకు ఫొటో ఉండదు. వారం తర్వాత ఏఈ (అసిస్టెంట్ ఇంజనీరు) ఎం-బుక్‌లో, అంటే కొలతల పుస్తకంలో, కొలతలు రాయబోతే పూడ్చిన మట్టి సగం మళ్లీ కొట్టుకుపోయి ఉంటుంది. బిల్లు ప్రభుత్వ ఆన్‌లైన్ చెల్లింపుల వ్యవస్థ సీఎఫ్ఎంఎస్‌లో ఎక్కదు, ఎక్కినా నెలల తరబడి కదలదు. మరుసటి ఏడాది అదే జేసీబీ యజమాని ఫోను ఎత్తడు. ఎత్తకపోవడంలో ఆయన తప్పేమీ లేదు.

నీళ్ల పథకం ఇంకా సున్నితమైన వ్యవహారం. బోరుకు 10 హెచ్‌పీ మోటారుంది కదా అని 10 కేవీఏ జనరేటర్ అద్దెకు తెస్తారు. స్విచ్ వేయగానే గుర్రుమని ఆగిపోతుంది. నేరుగా స్టార్ట్ చేసే మోటారు మొదటి క్షణాల్లో మామూలుకన్నా ఐదారు రెట్లు కరెంటు లాగుతుంది కాబట్టి 25 కేవీఏ అయినా ఉండాలి. ఫేజులు తారుమారైతే మోటారు ఉల్టా తిరుగుతుంది, చప్పుడే తప్ప ట్యాంకుకు నీళ్లు సరిగా ఎక్కవు. లైనును, జనరేటర్‌ను విడదీసే చేంజోవర్ స్విచ్ లేకుండా కలిపితే కరెంటు వెనక్కి లైనెక్కి స్తంభం మీదున్న లైన్‌మన్ ప్రాణం తీస్తుంది. బ్లీచింగ్ పౌడరూ అంతే. మామూలు రోజుల్లో మంచి పౌడరైతే 1000 లీటర్లకు రెండున్నర గ్రాములు, అంటే 60 వేల లీటర్ల ట్యాంకుకు 150 గ్రాములు. కానీ నిరుడు విప్పిన బస్తాలో క్లోరిన్ ఎప్పుడో ఎగిరిపోయి ఉంటుంది. పైగా వరద నీరు కలిశాక ఆ మోతాదు చాలదు. కుళాయి దగ్గర లీటరుకు 0.5 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగిలిందో లేదో కిట్‌తో చూసి, లేకుంటే మళ్లీ కలపాలి. ఈ పనులేవీ వీడియో కాన్ఫరెన్సులో జరిగేవి కావు. వీటికి డబ్బు లేదనడమూ కుదరదు. 2021-26కు 15వ ఆర్థిక సంఘం రాష్ట్ర విపత్తు నిర్వహణ నిధిలో 10 శాతాన్ని సన్నద్ధతకే విడిగా చూపింది.

సర్పంచ్ చేతికి డబ్బిస్తే తనవాళ్లకే పంచుకుంటాడు, ఆపదలో ఒక్కరి మాటే చెల్లాలి అంటారు. మొదటిది కొంత నిజం. నష్టపరిహారం జాబితాల్లో పార్టీ రంగు అంటుకోవడం అందరికీ తెలిసిందే. అయితే జాబితాలు తహసీల్దారు దగ్గరే ఉంచండి. నేనడుగుతున్నది డీజిలు, మట్టి, ట్యాంకరు గురించి.

అసలు రోగం వరదలకన్నా పాతది. ఎన్నికైన స్థానిక సంస్థలు లేకపోయినా ఊరు నడుస్తుందన్న నమ్మకం మన పాలకుల్లో పాతుకుపోయింది. తిరుపతి 2007లో కార్పొరేషన్ అయింది. దానికి తొలి ఎన్నికలు జరిగింది 2021 మార్చిలో. మధ్యలో 14 ఏళ్లు కౌన్సిల్ లేదు. వాన నీరు పోయే కాలవ ఏ వార్డులో పూడిపోయిందో అడగడానికి కార్పొరేటరే లేని నగరం అది. పాలకవర్గం వచ్చిన ఎనిమిది నెలలకే వరద ముంచింది. ఐదేళ్లు ముగిసేలోగా ఎన్నికలు జరపాలని రాజ్యాంగమే చెబుతోంది. ప్రకృతి విపత్తుల్లాంటి అసాధారణ పరిస్థితులు తప్ప వాయిదాకు సాకులు చెల్లవని 2006లో కిషన్ సింగ్ తోమర్ కేసులో సుప్రీంకోర్టు కూడా చెప్పింది. మనమేమో విపత్తేమీ లేకుండానే ఏళ్లు గడిపేశాం.

ఇప్పుడు విపత్తు నిర్వహణ చట్టానికి తెచ్చిన 2025 సవరణ చట్టం కార్పొరేషన్ ఉన్న నగరాలకు పట్టణ విపత్తు నిర్వహణ అథారిటీ పెట్టుకోవచ్చంది. అధ్యక్షుడు మునిసిపల్ కమిషనర్, ఉపాధ్యక్షుడు కలెక్టర్. మేయర్ పేరు ఎక్కడా లేదు. జిల్లా అథారిటీలో జిల్లా పరిషత్ చైర్‌పర్సన్‌కు సహాధ్యక్ష స్థానం ఇచ్చిన చట్టమే నగరానికి వచ్చేసరికి ఎన్నికైనవారిని మరిచిపోయింది. మిగతా సభ్యులెవరో తేల్చే అధికారం రాష్ట్రానికే వదిలారు. తిరుపతికి, చిత్తూరుకు ఆ అథారిటీలు వేసే జీవోలో మేయర్‌ను, ముంపు వార్డుల కార్పొరేటర్లను సభ్యులుగా రాయడానికి ఢిల్లీ అనుమతి అక్కర్లేదు.