1.67 గారికి ఒక విన్నపం

మహారాజశ్రీ 1.67 గారికి, గచ్చిబౌలి నుంచి ఒక మూరింగ్ ఇంజినీరు నమస్కరించి వ్రాయునది. ఉభయకుశలోపరి. తమరి క్షేమం మాత్రం రిపోర్టుల్లో చూసి తెలుసుకుంటున్నాం.

ఓడను కట్టే గొలుసు ఎంత భద్రమో తేల్చే అంకె తమరని ఈ ఊళ్ళో చాలామందికి తెలియదు. మా బిల్డింగ్ కింద చాయ్ బండి దగ్గర ఎవరైనా ఏం పని చేస్తావని అడిగితే, సముద్రంలో చమురు తీసే ఓడల్ని కట్టేసే గొలుసులకు లెక్కలు కడతానంటాను. "హైదరాబాద్ల సముద్రం యాడిదన్నా?" అంటారు. న్యాయమైన ప్రశ్నే. మా దగ్గరున్న నీళ్ళల్లా హుస్సేన్‌సాగర్. 1990లో బుద్ధ విగ్రహాన్ని తీసుకెళ్తున్న బార్జి అందులోనే ఒరిగి మనుషుల ప్రాణాలు పోయాయి. విగ్రహాన్ని పైకి తీసి నిలబెట్టేసరికి 1992 వచ్చింది. చెరువు నీళ్ళే అలా చేశాయి. మేమేమో అంగోలా ఎదుట, ఉత్తర సముద్రంలో, మన కాకినాడ అవతల ఓడలు కదలకుండా ఉంటాయో లేదో ఏసీలో కూర్చుని తేలుస్తున్నాం. మేమని గొప్పగా అంటున్నాను గానీ, తేల్చేది తమరే.

అమెరికా పెట్రోలియం సంస్థ ఏపీఐ వారు ఓడల్ని కట్టేయడం మీద రాసిన ఆర్‌పీ 2ఎస్‌కే అనే గ్రంథంలో తమరి కొలువు. గొలుసు తెగే బలాన్ని తుఫానులో దాని మీద పడే గరిష్ఠ లాగుడుతో భాగిస్తే తమరికి తక్కువ రాకూడదు. 120 మిల్లీమీటర్ల మందమున్న ఆర్4 రకం ఉక్కు గొలుసు కనీసం 13,573 కిలోన్యూటన్లు, అంటే 1,380 టన్నుల పైచిలుకు తట్టుకోవాలి. కాబట్టి లాగుడు 8,127 దాటితే తమరికి కోపం. ఒక గొలుసు అప్పటికే తెగిపోయిందనుకుని కట్టే లెక్కలో మాత్రం తమరి బదులు తమ్ముడు 1.25 గారు కూర్చుంటారు. ఆయన కాస్త దయగల మనిషి.

ఇప్పుడు లాగుడు 8,210 వచ్చిందనుకోండి. తమరు 1.65 అయిపోతారు. ఎక్సెల్‌లో గడి ఎర్రబడుతుంది. రాత్రి ఎనిమిదిన్నరకు లీడ్ వచ్చి కుర్చీ వెనక నిలబడి, "తమ్మీ, సీడ్ మార్చి చూడరాదు" అంటాడు. సీడ్ అంటే మూడు గంటల తుఫానులో ఏ అల ఏ అలతో కలిసి వస్తుందో కంప్యూటర్‌కు చెప్పే ఒక ఉత్త అంకె. పద్ధతిగా చేస్తే చాలా సీడ్‌లు నడిపి, ఒక్కో దాంట్లో వచ్చిన గరిష్ఠాలన్నీ ముందు పెట్టుకుని అంచనా కట్టాలి. డెడ్‌లైన్ రేపైతే పద్ధతి ఎవరిక్కావాలి? 7 బదులు 11 కొడతారు. సముద్రం శాంతిస్తుంది, గడి పచ్చబడుతుంది, లీడ్ ఇంటికెళ్తాడు. గొలుసు మాత్రం ముందు ఎంత మందం ఉందో ఇప్పుడూ అంతే ఉంది.

ఆ 0.02 కోసం ఇంత పూజ దేనికని తమరి జాతకం తిరగేశాను. తెగే బలంలో 60 శాతానికి మించి లాగనివ్వకండి అన్నారు పెద్దలు. ఆ 60ని తలకిందులు చేస్తే తమరు. 80 శాతాన్ని తలకిందులు చేస్తే తమ్ముడుగారు. అనుభవంతో ఉజ్జాయింపుగా అన్న ఒక గుండు అంకె, తిరగేయగానే రెండు దశాంశాల దేవుడైంది! సముద్రం అడుగు నుంచి ఓడకు చమురు తెచ్చే పైపులు, అంటే రైజర్లు, ఊగి ఊగి అలిసిపోయే ఫెటీగ్ లెక్కల్లో 10 గారని ఒకాయన ఉన్నారు. 20 ఏళ్ళ సేవ చేయాల్సిన పైపుకు కాగితం మీద 200 ఏళ్ళ ఆయుష్షు అడుగుతారు. ఆయనంటే నాకు గౌరవం. "మాకు తెలియనిది చాలా ఉంది నాయనా" అని గుండుగా ఒప్పుకునే మనిషి. తమరు ఆ మాట ఒప్పుకోరు.

తమరిని మెప్పించిన వాళ్ళకు ఏమైందో కూడా తమరికి తెలుసు. అంగోలా ఎదుట గిరాసోల్ క్షేత్రంలో ట్యాంకర్లకు చమురు నింపే బోయాను 2001లో కట్టారు. ఎనిమిది నెలలు తిరక్కుండానే గొలుసులు తెగాయి. లాగుడు ఎక్కువై కాదు. గొలుసు బోయాలోకి వెళ్ళే చోట లింకులు ఒకదాని మీద ఒకటి దొర్లకుండా పట్టేసి, బోయా ఊగినప్పుడల్లా పక్కకు వంగి అలిసిపోయాయి. ఫ్యాక్టరీలో బలం నిరూపించడానికి గట్టిగా లాగి చేసే పరీక్షలోనే లింకులు ఒరుసుకునే చోట అణిగి, అలా పట్టేయడానికి వీలిచ్చాయి. లాగుడు లెక్కలో వంపుకు గడే లేదు. లేని గడి ఎర్రబడదు కదా.

ఉత్తర సముద్రంలో గ్రిఫన్ ఆల్ఫా ఓడకు 2011 ఫిబ్రవరిలో పది గొలుసులుండగా గాలివానలో నాలుగు తెగాయి. ఒకటి తెగితే మిగతావి కాస్తాయన్నది తమ్ముడుగారి ధర్మం. ఓడ అలలకు అడ్డం తిరిగిందంటే ఆ ధర్మం ఎవరు వింటారు? అలా ఓడ జరిగితే నష్టపోయేది గొలుసు ఒక్కటే కాదు, దాని నుంచి వేలాడే రైజర్లూ అంబిలికల్సూ కూడా. అంబిలికల్‌లో సన్నటి స్టీలు గొట్టాల్లో హైడ్రాలిక్ నూనె, మెథనాల్, పక్కన కరెంటు కేబుళ్ళు, ఫైబర్ తీగలు అన్నీ కలిపి పేని ఉంటాయి. అడుగునున్న బావి వాల్వులు తెరవాలన్నా మూయాలన్నా దాని ద్వారానే. దానికి తమరి పేరైనా తెలియదు. దాని నియమాల గ్రంథం వేరు, దాని దేవుళ్ళు వేరు.

వందేళ్ళ తుఫాను గారి మీద కూడా ఒక ఫిర్యాదు ఉంది. ఆయన వందేళ్ళకోసారే వస్తారని మా మీటింగుల్లో పెద్ద ధీమా. ఏటా నూటికి ఒక పాలు అవకాశమంటే, 25 ఏళ్ళ ప్రాజెక్టులో ఆయన ఒక్కసారైనా తలుపు తట్టే అవకాశం నూటికి 22. 2014లో హుద్‌హుద్‌ను చూసిన విశాఖ వాళ్ళకు ఇది చెప్పక్కర్లేదు. కాకినాడ అవతల కేజీ బేసిన్‌లో ఓఎన్‌జీసీ వారి లోతు నీళ్ళ బ్లాకు నుంచి 2024 జనవరిలో తొలి చమురు వచ్చిందన్న వార్త చూసి మా ఫ్లోర్‌లో అందరూ సంతోషించారు. నాకు మాత్రం అక్కడి గొలుసులే గుర్తొచ్చాయి.

తుప్పు సంగతి తమరు అడగరు కాబట్టి నేనే చెబుతాను. ఏడాదికి 0.4 మిల్లీమీటర్లు పోతుందనుకుంటే 20 ఏళ్ళకు ఆ 120 కాస్తా 112. బలం 12,043కు దిగుతుంది, లాగుడు 8,127 దగ్గరే ఆగినా తమరు 1.48 అవుతారు. అప్పుడు తమరిని నిలబెట్టేది సీడ్ నంబరు కాదు. నీళ్ళలోకి కెమెరా దింపి లింకు లింకూ కొలిచి రాసుకొచ్చే మనిషి. బడ్జెట్‌లో మొదట కోత పడేది ఆ మనిషికే.

ఇట్లు,
తమరి ఆకుపచ్చ గడికి కాపలాదారు

తా.క.: ఇప్పుడే మెయిల్ వచ్చింది. ఖర్చు ఎక్కువవుతోందట, గొలుసును 120 నుంచి 114కి దించి లెక్క మళ్ళీ కట్టమన్నారు. తమరు మాత్రం ఉన్న చోటు నుంచి కదలకూడదట.