'సెట్'కు నిజంగా 430 అర్థాలున్నాయా?

ఇంగ్లిష్‌లో 'సెట్' మూడక్షరాల మాట. 1989లో వెలువడిన ఆక్స్‌ఫర్డ్ ఇంగ్లిష్ డిక్షనరీ రెండో కూర్పులో దీని క్రియారూపం వివరణే దాదాపు 60 వేల పదాలు. అర్థాలు 430. ఒక నవలకు సరిపడా రాత! ఆ ఘనతను తర్వాత 'రన్' దక్కించుకుంది. 2011 నాటికి దాని క్రియారూపానికే 645 అర్థాలు తేల్చారు. పీటర్ గిల్లివర్ అనే నిఘంటుకారుడు ఈ ఒక్క మాట మీదే తొమ్మిది నెలలు కూర్చున్నారు.

ఆయన ఓపికకు దండం పెట్టాల్సిందే. నాకు అనుమానం ఆ లెక్క మీద. పండును నాలుగు ముక్కలు చేసినా నలభై చేసినా పండు పెరగదు. 430 అనే అంకె కత్తి ఎంత సన్నగా కోసిందో చెబుతుంది, అంతే.

పైగా 'సెట్' పుట్టుకతో ఒకే మాట కాదు. 'కూర్చోబెట్టు' అనే అర్థమున్న ప్రాచీన ఇంగ్లిష్ క్రియ 'సెట్టన్' ఒక పాయ. సముదాయం అనే అర్థంలో వాడే నామవాచకం లాటిన్ 'సెక్టా' నుంచి ఫ్రెంచ్ మీదుగా వచ్చిన మరో పాయ. మతశాఖను సూచించే 'సెక్ట్' దీనికి తోబుట్టువు. రెండు పాయలూ ఒకే స్పెల్లింగులో కలిసి, ఒకదాని రంగు మరోదానికి అంటుకుంది. గణితంలో మనం సమితి అనేది ఈ రెండో పాయ నీరే.

మొదటి పాయను కాస్త దగ్గరగా చూద్దాం. సిమెంటు, విరిగిన ఎముక, సూర్యుడు, ఉచ్చు, అలారం: అన్నిటికీ ఇంగ్లిష్‌లో 'సెట్' ఒక్కటే సరిపోతుంది. తెలుగులో సిమెంటు గట్టిపడుతుంది, ఎముకను సరిచేసి కడతారు, సూర్యుడు అస్తమిస్తాడు, ఉచ్చు పన్నుతారు, అలారం పెడతారు. ఐదు క్రియలు! అలాగని ఆ ఐదు అర్థాలూ 'సెట్' కడుపులో దాగి ఉన్నాయనుకోవడం పొరపాటు. ఉండాల్సిన చోటికి చేరి నిలవడం అన్న పలుచటి భావమే దాని సొంత ఆస్తి. మిగతాదంతా సిమెంటూ సూర్యుడూ ఇచ్చిన అప్పు.

నమ్మకం కుదరకపోతే మన 'పెట్టు'ను చూడండి. పేరు పెడతాం, నిప్పు పెడతాం, ముద్దు పెడతాం, తాకట్టు పెడతాం. కోడి గుడ్డు పెడుతుంది. ముద్దుకూ తాకట్టుకూ ఒకే క్రియ ఏమిటని ఏ పిల్లవాడూ తికమకపడడు. ఇంగ్లిష్ నేర్చుకునేవారు 'సెట్' అర్థాల పట్టికను బట్టీ పట్టడం నాకు వృథా శ్రమగా తోచేది అందుకే. పక్కమాటతో కలిపి జంటగా నేర్చుకుంటే సగం బరువు తగ్గుతుంది.

ఈ నానార్థ గుణానికి 1897లో 'పాలిసెమీ' అని పేరు పెట్టిన ఫ్రెంచ్ పండితుడు మిషెల్ బ్రెయాల్ కూడా, సందర్భమే అక్కరలేని అర్థాలను దూరంగా ఉంచుతుందన్నారు.

సందర్భాన్ని పట్టుకోవడం మనిషికి సులువు. యంత్రం సంగతి వేరు. 1960లో యెహోషువా బార్-హిల్లెల్ అనే పరిశోధకుడు యంత్రానువాదాన్ని పరీక్షకు పెట్టడానికి ఎంచుకున్నది 'పెన్'. కలం కావచ్చు, పసిపిల్లలు ఆడుకునే చిన్న దడి కావచ్చు. బొమ్మల పెట్టె 'పెన్'లో ఉందంటే అది దడి అని తెలియాలి. అందుకు కలంలో పెట్టె పట్టదన్న ఎరుక ఉండాలి. యంత్రానికి ఆ ఎరుక ఎక్కడి నుంచి వస్తుందన్నది ఆయన ప్రశ్న. అంత చిక్కు తెచ్చిన మాటలో ఆయనకు కావలసి వచ్చినవి రెండే అర్థాలు.