కడుపు సంగతి కూడా అడగండి

పీసీఓఎస్‌కి (అండాశయాలకు సంబంధించిన హార్మోన్ సమస్య) మెట్‌ఫార్మిన్ అనే షుగర్ మాత్ర మొదలుపెట్టిన అమ్మాయి నెల తర్వాత మళ్లీ డాక్టర్ దగ్గరికి వెళుతుంది. పీరియడ్స్ సరిగ్గా వస్తున్నాయా, బరువు తగ్గారా, షుగర్ ఎంత ఉంది అని అడుగుతారు. పొద్దున్నే మొదలయ్యే కడుపు ఉబ్బరం, విరేచనాలు, బయటికి వెళ్లాలంటే టెన్షన్, ఇవన్నీ చెప్పుకోవడానికి ఆమెకు మొహమాటం. అడగడానికి డాక్టర్‌కి తీరిక ఉండదు. కొన్నాళ్లకు ఎవరికీ చెప్పకుండా మాత్ర మానేస్తుంది. హార్మోన్ సమస్యలకు మందు రాసేవాళ్లు కడుపు గురించి తప్పకుండా అడగాలని నేను గట్టిగా నమ్ముతున్నాను.

మెట్‌ఫార్మిన్ రక్తంలో కన్నా పేగుల్లో చాలా ఎక్కువగా పేరుకుంటుంది. అక్కడి బ్యాక్టీరియాలో కొన్ని రకాలు పెరుగుతాయి, కొన్ని తగ్గుతాయి. టైప్ 2 డయాబెటిస్ ఉన్నవాళ్ల పేగుల్లో కనిపించిన మార్పులన్నీ జబ్బు వల్లే అనుకునేవారు. వాటిలో కొన్ని నిజానికి ఈ మాత్ర తెచ్చినవేనని 2015లో నేచర్ పత్రికలో వచ్చిన పరిశోధన తేల్చింది. 2017లో ఇంకో అడుగు ముందుకు వేశారు. మెట్‌ఫార్మిన్ వాడినవాళ్ల మలంలోని బ్యాక్టీరియాను, సూక్ష్మజీవులేవీ లేకుండా పెంచిన ఎలుకలకు ఎక్కించారు. వాటి శరీరం గ్లూకోజ్‌ను మెరుగ్గా వాడుకోగలిగింది. అంటే మాత్ర చేసే మేలులో కొంత ఆ బ్యాక్టీరియా ద్వారానే జరుగుతోందన్నమాట. ఇవి డయాబెటిస్ రోగులతో చేసిన పరిశోధనలే, కానీ పీసీఓఎస్‌కి ఇచ్చేదీ ఆ మందే. అలాంటప్పుడు కడుపు బాధను "సర్దుకుంటుందిలే" అని తీసిపారేయడం నాకు సబబుగా తోచదు.

థైరాయిడ్ వాళ్ల సంగతీ ఆలోచించాలి. థైరాయిడ్ తగ్గితే పేగుల కదలిక మందగిస్తుంది, చిన్నపేగులో బ్యాక్టీరియా అతిగా పెరిగే అవకాశం ఉంటుంది. దానికి వేసుకునే థైరాయిడ్ హార్మోన్ మాత్ర లెవోథైరాక్సిన్ రక్తంలోకి చేరాల్సింది కూడా ఆ చిన్నపేగు నుంచే. జీర్ణాశయంలో హెలికోబాక్టర్ పైలోరీ ఇన్ఫెక్షన్ ఉన్నా మాత్ర సరిగ్గా ఒంటబట్టదు. రోజూ పరగడుపునే వేసుకుంటున్నా టీఎస్‌హెచ్ (థైరాయిడ్ తక్కువైతే రక్తపరీక్షలో పెరిగి కనిపించే హార్మోన్) దిగకపోతే, మోతాదు పెంచే ముందు ఒకసారి కడుపు వైపు చూడమని అడగడంలో తప్పులేదు. ఆడవాళ్ల హార్మోన్ ఈస్ట్రోజెన్‌దీ ఇలాంటి కథే: కాలేయం పిత్తంతో బయటికి పంపిన హార్మోన్‌లో కొంత, పేగు బ్యాక్టీరియా ఎంజైముల వల్ల తిరిగి రక్తంలో కలుస్తుంది.

ఇదంతా చదివి మాత్ర ఆపేయకండి, దయచేసి. మందుల షాపులో కనిపించిన ప్రోబయోటిక్ (మేలు చేసే బ్యాక్టీరియా అని అమ్మేది) డబ్బా కొనేసి సమస్య తీరిందనీ అనుకోకండి. ఏ మాత్ర వాడేవాళ్లకు ఏ బ్యాక్టీరియా సరిపోతుందో చెప్పేంత గట్టి ఆధారాలు ఇంకా లేవు. మెట్‌ఫార్మిన్‌కి మాత్రం చేయగలిగినవి చాలానే ఉన్నాయి. తక్కువ మోతాదుతో మొదలుపెట్టి మెల్లగా పెంచవచ్చు. భోజనంతో పాటు వేసుకోవచ్చు. నెమ్మదిగా విడుదలయ్యే రకానికి మార్చమని అడగవచ్చు, దానితో చాలామందికి కడుపు కుదుటపడుతుంది. ఏళ్ల తరబడి వాడేవాళ్లలో విటమిన్ బి12 తగ్గవచ్చు, దానివల్లా తిమ్మిర్లు రావచ్చు కాబట్టి, అరికాళ్లలో తిమ్మిర్లు మొదలైతే షుగర్ వల్లేనని వదిలేయకుండా ఆ రక్తపరీక్ష కూడా రాయించుకోండి.