ఫొటోల నేనున్న, సిలిండర్ పట్టుకొని

మొన్న శనివారం మా హాస్పిటల్ వాళ్లు ఇంకో ట్రైనింగ్ పెట్టిన్రు. హన్మకొండల ఒక హోటల్ హాలు, ఏసీ, వెనుక ఫ్లెక్సీ, హైదరాబాద్ నుంచి కోటేసుకొని వచ్చిన ట్రైనర్ సారు. టాపిక్ ‘కస్టమర్ డిలైట్’. (పేషెంటును కస్టమర్ అనుడు ఎప్పటిసంది మొదలైందో గాని, విన్నప్పుడల్లా నాకు చెవుల ముల్లు గుచ్చినట్టైతది.) పది గంటల నుంచి పన్నెండు దాక సారు మాతోని బెలూన్లు ఊదిపిచ్చిండు. బెలూను పలగకుంట కాపాడుకున్నోళ్లకు లీడర్‌షిప్ క్వాలిటీ ఉన్నట్టట. నాది రెండో నిమిషంలనే టప్పుమన్నది. ఒంటిగంటకు, అవతల బిర్యాని మూత తీస్తున్నప్పుడు, ఫీడ్‌బ్యాక్ ఫారాలు పంచిన్రు. అందరం ‘ఎక్సలెంట్’ కాడ టిక్కు కొట్టి ప్లేట్ల కోసం లైన్ కట్టినం. సోమవారం కౌంటర్ల కూసున్నంక ఏం మారిందంటె, ఏం మారలే.

నేను బిల్లింగ్ ఇన్‌చార్జిని. పదకొండేండ్ల సర్వీసు. మధ్యల కాకతీయ యూనివర్సిటీ దూరవిద్యల ఎంబీఏ హెచ్‌ఆర్ కూడ చేసిన. ప్రమోషన్ వస్తదని చేసిన, రాలే, అది వేరే ముచ్చట. ఆ పుస్తకాలల్ల ఒక్కటి మాత్రం మతిల ఉండిపోయింది. ట్రైనింగ్ అక్కరకొచ్చిందా లేదా చూసెటందుకు డొనాల్డ్ కిర్క్‌ప్యాట్రిక్ అనే అమెరికా ప్రొఫెసర్ 1959ల నాలుగు మెట్లు చెప్పిండు. వచ్చినోళ్లకు నచ్చిందా? ఏమన్న నేర్సుకున్నరా? పనిల కూసున్నంక చేసే తీరు మారిందా? దాంతోని సంస్థకు ఏమన్న ఒరిగిందా? మా ట్రైనింగులు ఇన్నేండ్ల సంది మొదటి మెట్టు మీదనే చతికిలబడ్డయి. అదన్న నిజమా అంటె, బిర్యాని ముంగట ‘బాలేదు’ అని ఎవడు రాస్తడు?

మన దేశంల ఉదయ్ పారీక్, టి.వి. రావు అని ఇద్దరు ప్రొఫెసర్లు 1970లల్ల ఎల్ అండ్ టీ కంపెనీకి హెచ్‌ఆర్‌డీ, అంటె మానవ వనరుల అభివృద్ధి అనే విభాగం ఎట్లుండాల్నో గీసిచ్చిన్రు. దాంట్ల ట్రైనింగ్ ఒక ముక్క. పెద్దసారు కూసోబెట్టుకొని పని గురించి మాట్లాడుడు, యాడ తప్పుతున్నవో చెప్పుడు, రేపు ఏ పనికి పనికొస్తవో చూసుడు, ఇవన్ని కలిస్తెనే అది. మా దాక వచ్చేసరికి బెలూన్లు మిగిలినయి. కేంద్రంల చదువుల శాఖకే 1985ల ‘మానవ వనరుల అభివృద్ధి’ అని పేరు పెట్టి, 2020ల మళ్ల విద్యాశాఖ అన్నరు. పేరుదేముంది, అల్కగ మారుతది.

అసలు నేను రాద్దామనుకున్నది సిలిండర్ ముచ్చట.

పోయినేడు ఫైర్ సేఫ్టీ ట్రైనింగ్ అయింది. హాస్పిటళ్లకు క్వాలిటీ గుర్తింపు ఇచ్చే నాభ్ (ఎన్ఏబీహెచ్) వాళ్లు ఇన్‌స్పెక్షన్‌కు వస్తె స్టాఫుకు ఏమేం నేర్పిన్రో రికార్డు చూపియ్యాలె. వాళ్లు అడిగేది న్యాయమే, మేం చూపిచ్చేటియి సంతకాలు. పార్కింగ్ కాడ వరుసగ నిలబెట్టి, ఒక్కొక్కరి చేతిల మంటలార్పే ఎర్ర సిలిండర్ పెట్టి ఫొటో తీసిన్రు. ఒక్కటంటె ఒక్కటి కొట్టి చూపియ్యలే. కొడితె రీఫిల్ చేపియ్యాలె, మళ్ల దానికి బిల్లు.

రెండు నెలలకు, రాత్రి తొమ్మిదింటికి, మా పక్క రూంల యూపీఎస్ కాడ పొగ లేచి మంట అంటుకున్నది. గోడకున్న సిలిండర్ గుంజుకొని నేనే ఉరికిన. హ్యాండిల్ నొక్కిన. రాలే. రెండు చేతులతోని బలమంత పెట్టి నొక్కిన. రాలే. పొగ గొంతుల పడి దగ్గు, చేతులు వణుకుడు. వెనుకకెళ్లి వార్డ్‌బాయ్ తమ్ముడొకడు ఉరికొచ్చి, “అన్నా, పిన్ను గుంజలే గదనే నువ్వు!” అనుకుంట నా చేతులకెళ్లి లాక్కున్నడు. ప్లాస్టిక్ సీలు తెంపి, పిన్ను పీకి, పైపును మంట మొదట్లకు పెట్టి అటు రెండుసార్లు, ఇటు రెండుసార్లు కొట్టిండు. అయిపోయింది. తెల్లటి పొడి నా మీసాల మీద, కీబోర్డు మీద, ఆ రోజు బిల్లుల మీద.

చాయ్ తాగుకుంట అడిగిన, యాడ నేర్సినవ్‌రా అని. “ములుగు రోడ్ల పెట్రోల్ బంకుల చేసిన గదనే అన్నా. ఆడ మేనేజర్ సారు తారీకు అయిపోయిన సిలిండర్ ఇచ్చి, ఇసుకల మంట పెట్టి, నిజంగనే ఆర్పమన్నడు” అన్నడు. మా ట్రైనింగ్‌కు వాన్ని పిలువనే లేదు. ఔట్‌సోర్సింగ్ గద. ఫైల్ల ఉన్న ఫొటోల నేనున్న, సిలిండర్ పట్టుకొని, పండ్లన్ని కనబడేటట్టు నవ్వుకుంట.

మా బాపు గోదావరిఖనిల బొగ్గుబాయిల చేసిండు. ట్రైనింగ్ లేకుంట మనిషిని బాయిల దింపొద్దని 1966ల వచ్చిన రూల్సే ఉన్నయి, ముందుగల్ల వీటీసీకి, అంటె ట్రైనింగ్ సెంటర్‌కు, పోవాలె. ఇప్పుడు బాపును కదిలిస్తె వీటీసీ క్లాసుల గురించి రెండు ముక్కలు చెప్తడు. వెంటేసుకొని తిప్పిన పాత కార్మికుని గురించైతె పొద్దందాక చెప్తడు. ఆయన బాయి పైకప్పును కట్టెతోని కొట్టి వినిపిచ్చెటోడట. ఖంగుమంటె గట్టిగున్నట్టు, డొల్ల సప్పుడొస్తె వెనుకకు జరుగు. బాపును కండ్లు మూసుకొమ్మని, జాగ మార్చి మార్చి కొట్టి, “చెప్పు బిడ్డా” అనెటోడట. తప్పు చెప్తె మళ్ల మొదటికెళ్లి. బాపుకు డెబ్బై దాటినయి. మా ఇంట్ల టైల్స్ వేపిచ్చినప్పుడు కట్టెపుల్లతోని కొట్టుకుంట పోయి, నాలుగు టైల్స్ కింద సిమెంట్ పట్టలేదని మేస్త్రికి చూపిచ్చిండు. మేస్త్రి గిచ్చులాడిండు. పీకి చూస్తె కింద బోలే.

మా కౌంటర్ల కూడ గట్లాంటి మనిషి ఉండె. సీనియర్ అక్క. ఆమెకాడ ఒక పొడుగు నోట్‌బుక్, పాత క్యాలెండర్ కాయితం అట్ట. ఏ టీపీఏకు (ఇన్సూరెన్స్ కంపెనీల తరఫున క్లెయిములు చూసేటోళ్లు) ఏ కాయితం ముందు పోవాలె, ఆధార్ల పేరు, పాలసీల పేరు కలవకపోతె ఏం రాపిచ్చుకోవాలె, మోకాలి ఆపరేషనైతె లోపల వేసిన పార్టుకు వచ్చే ఇంప్లాంట్ స్టిక్కర్ అంటించినంకనే బిల్లు పంపుడు, యాక్సిడెంట్ కేసైతె అడ్మిషన్ నాడే ఎఫ్ఐఆర్ కాపీ అడుగుడు. అన్ని దెబ్బలు తిని రాసుకున్నయే. ఇన్నేండ్లల్ల ఐదుగురికి పని నేర్పింది, నాతోని కలిపి. నేర్పిన నెలల ఆమె చేసిన బిల్లులు తక్కువైతయి గద? అప్రైజల్ల అదే ఎత్తి చూపిచ్చి ఇంక్రిమెంట్ కోసిన్రు. పోయిన దసరాకు ఆరు వేలు ఎక్కువిస్తమన్నరని హైదరాబాద్ పోయింది. తప్పా ఆమెది?

ఆమె జాగల నర్సంపేట పిల్ల వచ్చింది, బీకాం. పాస్‌వర్డ్ ఇచ్చి కుర్చీ చూపిచ్చిన్రు, గంతే. డిశ్చార్జ్ రిక్వెస్ట్ అందినంక మూడు గంటల్ల ఇన్సూరెన్స్ వాళ్లు తేల్చాలని, ఇన్సూరెన్స్ కంపెనీలకు రూల్స్ పెట్టే ఐఆర్‌డీఏఐ 2024ల చెప్పింది. మనమే స్టిక్కర్ లేని బిల్లు పంపితె వాళ్లు క్వెరీ వేస్తరు, ఒకనాడు పిల్ల అట్లనే పంపితె డిశ్చార్జ్ కావాల్సిన ముసలామె వీల్‌చైర్లనే కూసున్నది. ఆమె కొడుకు వచ్చి కౌంటర్ మీద గుద్దిండు. పిల్ల బాత్రూంలకు పోయి ఏడ్సింది. తెల్లారి ఆమెకే మెమో. ఎవరు నేర్పిన్రు సార్ ఆమెకు అని అడిగిన. “ఇండక్షన్ రిజిస్టర్ల సంతకం ఉంది” అన్నరు.

అప్రెంటిస్ పద్ధతిల ఎవర్నన్న తీసుకుంటె కేంద్రం స్టైపెండ్ల 25 శాతం, నెలకు 1,500 మించకుంట, తన వాటాగ ఇస్తది. నేర్సుకునేటోనికి ఎంతో కొంత లెక్క ఉన్నది. నేర్పేటోనికి లెక్క ఏ కాలమ్‌ల ఉన్నది? ఒక్క పూట హాలు కిరాయి, ట్రైనర్ సారు ఫీజు, బిర్యాని, ఫ్లెక్సీ, ఇవన్ని కలిపి చూడున్రి. అక్క అడిగిన ఇంక్రిమెంట్ అండ్లకెళ్లి ఎన్ని నెలలు ఎల్లునో.

నేను పెద్దదేం అడగలే. కొత్తోళ్లు వచ్చిన మొదటి రెండు నెలలు, వాళ్ల పక్కన కూసున్న సీనియర్‌కు రోజు ఒక గంట బిల్లులు తగ్గియ్యున్రి, ఆ గంటను అప్రైజల్ల రాయున్రి అన్న. “మంచి ఐడియా, మెయిల్ పెట్టు” అన్నరు హెచ్‌ఆర్ మేడం. పెట్టిన. ‘నోటెడ్’ అని వచ్చింది. నెలన్నరయింది. వచ్చే నెల ట్రైనింగ్ తారీకు మాత్రం వచ్చేసింది, టాపిక్ టైమ్ మేనేజ్‌మెంట్, డ్యూటీ అయినంక ఆరు నుంచి ఎనిమిది దాక.

అక్క పోయే ముందు ఆ నోట్‌బుక్‌ను ఫోన్ల ఫొటోలు తీసుకున్న. నర్సంపేట పిల్ల, నేను రాత్రి డ్యూటీల కొంచెం కొంచెం టైప్ చేస్తున్నం. పదిహేడో పేజీ ఫొటో మసకగ వచ్చింది, అక్షరాలు కానొస్తలేవు. నిన్న అక్కకు ఫోన్ చేస్తె ఆమె ఆడి కౌంటర్ల కూసొనే ఎత్తింది. “ఆగు తమ్మీ, లైన్ల ఇద్దరున్నరు, వాళ్లను పంపిచ్చి చెప్త” అన్నది. పది నిమిషాలకు తనే చేసి, పేజీ మొత్తం నోటికి చెప్పింది.