కోర్సు అవుట్‌కమ్ గారికి ఒక ఇండెంట్

మహారాజశ్రీ కోర్సు అవుట్‌కమ్ గారికి,

హన్మకొండలో ఒక ప్రైవేటు ఇంజినీరింగ్ కాలేజీలో ఫ్లూయిడ్ మెకానిక్స్ చెప్పుకుని బతికే అసిస్టెంట్ ప్రొఫెసర్ నమస్కరించి రాసుకునేది. మేము క్షేమం. మీ ఫైళ్లు అంతకన్నా క్షేమం, రంగు లేబుళ్లతో బీరువాలో తాళం వేసి ఉన్నాయి.

ఒక సబ్జెక్టు చదివాక పిల్లవాడికి ఏం రావాలో రాసిపెట్టుకున్న వాక్యమే కదా మీరు. మీరు రాకముందు సిలబస్ అయిందా లేదా అని ఒక్కటే అడిగేవారు. మీరొచ్చి, సిలబస్ సంగతి సరే, పిల్లవాడికి ఏం వచ్చిందో చూపించమన్నారు. నిజం చెప్పొద్దూ, ఆ మాట నాకు నచ్చింది. కాకపోతే మీరు పిల్లవాణ్ణి అడగలేదు, నన్ను అడిగారు. అదీ ఎక్సెల్ షీటులో.

నా సబ్జెక్టుకు మీరు ఐదుగురు, సీవో-1 నుంచి సీవో-5 దాకా. నేను నింపిన పట్టికలో ప్రోగ్రాం అవుట్‌కమ్‌లు, అంటే డిగ్రీ మొత్తం మీద రావాల్సినవి, 12. మొత్తం 60 గళ్లు, మీకూ వాటికీ సంబంధం ఎంతో చెబుతూ ఒక్కో గడిలో 3, 2, 1, ఏమీ లేదంటే ఒక గీత. పైపులో నీటి పీడనానికీ నైతిక విలువలకూ సంబంధం ఎంత? గీత పెట్టాను. "గీతలు ఎక్కువైతే తనిఖీకొచ్చే టీం వాళ్లు ప్రశ్నలేస్తారు సార్, ఒకటన్నా వెయ్యండి" అన్నారు కోఆర్డినేటర్ మేడం. వేశాను. ఆ దెబ్బకు సెక్షన్ సెక్షనంతా కాస్త నీతిమంతులయ్యారు. 'జీవితాంతం నేర్చుకోవడం' గడిలో 2 ఎవరు వేశారో మాత్రం తెలీదు, పోయినేడాది షీటులోంచి వచ్చి ఉంటుంది.

నేర్చుకోవడంలో బ్లూమ్ గారు 1956లో చెప్పిన ఆరు మెట్లు కూడా మీ వెంటే వచ్చాయి. ప్రతి ప్రశ్న పక్కనా మెట్టు నంబరు వేస్తున్నాం. బెర్నౌలీ సమీకరణాన్ని ఒకప్పుడు పిల్లలు బట్టీ పట్టి రాసేవారు. ఇప్పుడు మూడో మెట్టు, అంటే నేర్చుకున్నది వాడి చూపించే మెట్టు మీద నిలబడి బట్టీ పట్టి రాస్తున్నారు.

ఇంటర్నల్స్‌కు పేపరు మేమే ఇస్తాం, మేమే దిద్దుతాం, లక్ష్యం మేమే పెట్టుకుంటాం. అయినా అందకపోతే 'తీసుకున్న చర్య' అని ఒక కాలమ్ ఉంది: అదనపు తరగతులు నిర్వహించబడినవి. అవి ఏ గదిలో జరిగాయో ఆ కాలమ్‌కే తెలియాలి.

మీ వంశం గొప్పదే, కాదనను. ఇంజినీరింగ్ డిగ్రీలను దేశాలు పరస్పరం గుర్తించుకునే వాషింగ్టన్ అకార్డ్‌లో 2014లో మన దేశం శాశ్వత సభ్యత్వం తెచ్చుకుంది. ఇంజినీరింగ్ కోర్సులను తనిఖీ చేసి గుర్తింపునిచ్చే ఎన్‌బీఏ ముద్ర ఉంటే మన డిగ్రీకి ఆ సభ్య దేశాల్లోనూ గుర్తింపేనని మాకు చెప్పారు. తీరా చూస్తే అది టైర్-1, అంటే సిలబస్, పరీక్షలు సొంతంగా పెట్టుకునే సంస్థలకు. మాలాంటి యూనివర్సిటీ అనుబంధ కాలేజీలు టైర్-2. గళ్లు నింపడం మాత్రం ఇద్దరికీ తప్పదు.

అసలు విషయానికొస్తాను. మా ల్యాబులో పైపులో నీటి ప్రవాహాన్ని కొలిచే వెంచురీమీటర్ ఉంది. వాల్వు దగ్గర వాషర్ పోయి నీళ్లు కారుతుంటాయి, పీడనం చూపే మానోమీటర్‌లో మట్టం నిలవదు. పిల్లలు సీనియర్ల రికార్డులోంచి రీడింగులు ఎక్కించుకుంటారు. అందరికీ కోఎఫిషెంట్ 0.97 వస్తుంది. ప్రయోగాలు చేసే సామర్థ్యం కింద మీకు మూడుకు మూడు పడ్డాయి. నర్సంపేట వైపు నుంచి వచ్చే ఒక పిల్లవాడు ఊళ్లో బోరు మోటార్లు విప్పి బిగిస్తాడు. వాల్వు మీద చెయ్యి పెట్టి చూసి, "సార్, గీ వాషర్ మారిస్తే అయిపోతది, ఎందుకు మారుస్తలేరు?" అన్నాడు. రికార్డు కాపీ కొట్టలేదు కాబట్టి వాడి పేజీ ఖాళీ. మీ సగటును కిందికి లాగుతున్నది వాడే.

కాబట్టి ఒక మనవి. మీ పేరు మీద ఏ కాగితం పోయినా ఆ రోజే సంతకమై వస్తుంది. వాషర్ కొనిపెట్టమని నేను పెట్టిన ఇండెంట్ ఇంకా 'పరిశీలనలో' ఉంది. దాని మీద మీ నంబరు ఒకటి వేసి పంపమంటారా? సీవో-4 అయితే బాగుంటుంది, టీం వాళ్లు పోయినసారి దాన్నే అడిగారు.

ఇట్లు,
తమ గళ్లు నింపువాడు