ఆదివారం ఒక్కరోజే దొరికే ప్రేమ

2019 జులై చివర్లో ఫిలిప్పీన్స్‌లో విడుదలైన ‘హలో, లవ్, గుడ్‌బై’ సినిమాని చాలామంది కన్నీళ్ల ప్రేమకథగానే గుర్తుపెట్టుకున్నారు. కథ తెలిసిందే. హాంకాంగ్‌లో ఇంటిపని చేసే జాయ్, అక్కడే బార్‌లో పనిచేసే ఈథన్ ప్రేమించుకుంటారు. ఆమె కెనడా వెళ్లాలనుకుంటుంది, అతను ఉండిపొమ్మంటాడు. చివరికి ఆమె వెళ్లిపోతుంది. వలస కార్మికుల గురించి ఇంత రాజకీయం మాట్లాడిన సినిమా నేను అరుదుగా చూశాను. ప్రేమకథ కాబట్టే అది అంత గట్టిగా మాట్లాడగలిగిందని నా నమ్మకం.

ఈ ప్రేమకు అడ్డం పడేది పెద్దవాళ్ల పట్టుదలో, మధ్యలో వచ్చిన మరో అమ్మాయో కాదు. వీసా.

హాంకాంగ్‌లో చట్టబద్ధంగా ఏడేళ్లు వరుసగా ఉన్న విదేశీయులు శాశ్వత నివాస హక్కు అడగొచ్చు. బ్యాంకులో ఉద్యోగం చేసినవాళ్ల ఏళ్లు లెక్కలోకి వస్తాయి. ఇంటిపని వీసా మీద వచ్చినవాళ్లవి మాత్రం రావు. ఇరవై ఏళ్లు ఉన్నా రావు. ఇది అన్యాయమని కోర్టుకెక్కితే, చట్టం సరిగ్గానే ఉందని 2013లో అక్కడి అత్యున్నత న్యాయస్థానం తేల్చేసింది. ఇది తెలిసి సినిమా చూస్తే, ఈథన్ ఉండిపొమ్మనే సీను మరోలా కనిపిస్తుంది. ఈథన్ శాశ్వత నివాసం కోసం ఎదురుచూస్తున్నాడు, అంటే ఆ ఊళ్లో అతనికి రేపు అనేది ఉంది. జాయ్‌కి లేదు. ఇద్దరిదీ ఒకే దేశం, ఇద్దరూ తిరిగేది అవే వీధులు. అయినా అతను గడిపిన ఏళ్లు ఖాతాలో జమవుతున్నాయి, ఆమెవి ఊరికే కరిగిపోతున్నాయి. అందుకే అతను ‘ఉండిపో’ అన్నప్పుడు హాల్లో కూర్చున్నవాళ్లకి అది ప్రేమగా వినిపిస్తుంది. నర్సింగ్ చదివిన ఆ అమ్మాయి చెవికి మాత్రం, ఇంకో పదేళ్లయినా పనిమనిషిగానే ఉండమన్నట్టు వినిపిస్తుంది. అతను మంచివాడే, నిజంగానే ప్రేమించాడు. అయినా అతని మాటలో ఆ అర్థం ఉంది. ఒక్క ముక్క చట్టం గురించి ఉపన్యాసం చెప్పకుండా ఈ సంగతి గుండెకి తగిలేలా చెప్పగలిగేది ప్రేమకథ ఒక్కటే.

ఇంకో సంగతి కాలం. ఇంటిపని చేసేవాళ్లు యజమాని ఇంట్లోనే ఉండి తీరాలని 2003 నుంచి అక్కడ నిబంధన. పని పోతే రెండు వారాల్లో హాంకాంగ్ వదలాలి. సినిమా వచ్చేనాటికి వాళ్ల కనీస జీతం నెలకు 4,520 హాంకాంగ్ డాలర్లు. వారానికి ఒక్కరోజు సెలవు, ఎక్కువమందికి అది ఆదివారం. సొంత గది ఉండదు, తలుపు గడియ వేసుకునే హక్కు ఉండదు. ఆదివారాల్లో సెంట్రల్ ప్రాంతంలో పెద్ద బ్యాంకు భవనం కింద, ఫుట్‌పాత్‌ల మీద, వంతెనల మీద అట్టపెట్టెలు పరుచుకుని వేలమంది ఆడవాళ్లు కూర్చుంటారు. తినడం, జుట్టు కత్తిరించుకోవడం, ఇంటికి వీడియో కాల్, ఏడుపు అన్నీ అక్కడే. ప్రేమించాలన్నా ఆ కొన్ని గంటల్లోనే, నలుగురి కళ్ల ముందే. ఆ నగరంలో ఇంటిపని చేసే దాదాపు 4 లక్షల మంది విదేశీయుల్లో సగానికి పైగా ఫిలిప్పీన్స్ వాళ్లే. సగటు ప్రేమ సినిమాలో జంటకి కావలసినంత తీరిక ఉంటుంది. ఇక్కడ తీరికే అన్నిటికన్నా ఖరీదైన వస్తువు.

అందమైన స్టార్ హీరోయిన్‌ని పనిమనిషిగా చూపించి కష్టానికి పంచదార పూశారన్న విమర్శ ఉంది. 1995లో సింగపూర్‌లో ఒక ఫిలిపినో పనిమనిషిని ఉరితీసినప్పుడు రగిలిన దేశానికి ఇలాంటి తీపి కథలు అవసరమా అని అడిగేవాళ్ల బాధ నాకు అర్థమవుతుంది. కానీ శవపేటికలో తిరిగొచ్చినప్పుడే ఆమె మనకి మనిషిగా కనిపిస్తే, బతికున్న లక్షల మంది సంగతేమిటి?

ఫిలిప్పీన్స్ ప్రభుత్వం 1974 నుంచి మనుషుల్ని విదేశాలకు పంపడాన్ని విధానంగా పెట్టుకుంది. 1988లో అధ్యక్షురాలు కొరజాన్ అక్వినో హాంకాంగ్ వెళ్లి, ఇంటిపని చేసే ఆడవాళ్లని ‘కొత్త వీరులు’ అన్నారు. 2019లో వలస వెళ్లినవాళ్లు ఇంటికి పంపిన డబ్బు 3 వేల కోట్ల డాలర్లు దాటింది. వీరురాలు అంటే త్యాగం చేయాలి, తనకంటూ ఏమీ కోరుకోకూడదు. జాయ్ ఇంటికి డబ్బు పంపుతుంది, అయినా తనకంటూ కొన్ని కావాలనుకుంటుంది. ఒక మగవాడు కావాలి, ఒక చదువుకి తగ్గ ఉద్యోగం కావాలి. రెండూ దొరకవని తెలిశాక ఒకటి ఎంచుకుంటుంది. కెనడాలోని కాల్గరీలో నడిచే రెండో భాగం 2024లో వంద కోట్ల పెసోలు దాటిందంటే, ఈ కోరికలో తమని తాము చూసుకున్నవాళ్లు ఎంతమందో!

మరి మన దగ్గర? రాయచోటి, రాజంపేట, కోనసీమ, పాలకొల్లు వైపు కువైట్ వెళ్లిన ఆడమనిషి లేని వీధి దొరకడం కష్టం. ఖద్దామాగా, అంటే ఇంటి పనిమనిషిగా వెళ్లి, ఫిలిపినో ఆడవాళ్లతో పాటే అవే వంటిళ్లలో పనిచేస్తున్నవాళ్లు ఎందరో. వారానికో రోజు సెలవు ఇవ్వాలని కువైట్ 2015లో చట్టం చేసినా, గుమ్మం దాటనివ్వని ఇళ్లు ఉన్నాయి. మన సినిమాకి విదేశం అంటే అమెరికా, హీరో అంటే సాఫ్ట్‌వేర్. గల్ఫ్ గుర్తొస్తే ఏజెంటు మోసం, ఎడారి, ఏడుపు. కువైట్ వెళ్లిన ఆడమనిషి అయితే రెండే పాత్రలు: మోసపోయిన అమాయకురాలు, లేదా ఊరంతా గుసగుసలాడుకునే మనిషి. ఆమె సంపాదనతో కట్టిన ఇంటి అరుగు మీద కూర్చునే ఆమె నడవడి గురించి మాట్లాడతారు. నాకు కోపం వచ్చేది అక్కడే.

ముప్ఫై నిండని ఆడవాళ్లకి గల్ఫ్ దేశాల్లో ఇంటిపనికి వెళ్లడానికి మన ప్రభుత్వం అనుమతి ఇవ్వదు. అంటే నిబంధన ప్రకారం వెళ్లే మన జాయ్ ముప్ఫై దాటిన మనిషి. ఇంటి దగ్గర పిల్లలు ఉంటారు, బహుశా తాగే భర్త ఉంటాడు, తీరని అప్పు ఉంటుంది. ఆమెకి ప్రేమకథ రాయాలంటే మన రచయితలకి, నిర్మాతలకి చాలా ధైర్యం కావాలి. రాసేవాళ్లు కువైట్‌లో సెలవురోజైన శుక్రవారం మధ్యాహ్నంతో మొదలుపెట్టవచ్చు. ఆమె బయటికి వచ్చింది. ఎవరితోనో ఫోన్‌లో మాట్లాడుతూ నవ్వుతోంది. ఏడింటికల్లా ఇంటికి చేరాలి.